మా గోడ మీద చైనా టైం

మా ఇంటి గోడ గడియారం పది నిమిషాలు ముందు నడిచేది. చెడిపోయి కాదు, మా అత్త శంకరమ్మ పెట్టిన కట్టుబాటు అది. మా మామ కుత్బుల్లాపూర్‌లో ఫ్యాక్టరీ పనికి పోయే రోజుల్లో, లేటైతే గేటు దగ్గరే వెనక్కి పంపేవారట. అప్పుడు ముల్లు ముందుకు తిప్పింది. మామ పోయాక కూడా వెనక్కి తిప్పలేదు. నేను కోడలిగా వచ్చిన వారంలో ఈ ఇంట్లో నేర్చుకున్న మొదటి లెక్క, గోడ మీద ఎంతుంటే అందులోంచి పది తీసెయ్యాలని. చుట్టాలు వచ్చి “అయ్యో, గింత టైమైందా” అని చెప్పుల కోసం పరుగెడుతుంటే మేం నవ్వుకునేవాళ్లం.

ఫోన్ చూసుకోవచ్చు కదా అంటారు. పొద్దున్నే చేతులు రొట్టెల పిండిలో ఉన్న ఆడదాన్ని అడగండి, ఫోన్ ఎక్కడుందో! గోడ మీదిదైతే తల ఎత్తితే చాలు.

పోయిన వేసవిలో ఆ గడియారమే నన్ను ముంచింది. మాది శామీర్‌పేట చెరువుకు ఆవల ఊరు. ఊరి అంగన్‌వాడీలో నేను ఆయాను. ఓపెన్ ఇంటర్ కట్టి, ఒక్కొక్క పేపరే గట్టెక్కుతూ వచ్చాను. ఎకనామిక్స్ ఒక్కటి మిగిలింది. పరీక్ష రోజు గడియారంలో సెల్లు నీరసపడి ముల్లు వెనకబడింది. నాకేం తెలుసు? ఆ వెనకబడిన దాంట్లోంచి కూడా అలవాటు ప్రకారం పది తీసేసి, నిమ్మళంగా మజ్జిగ తాగి మరీ బయల్దేరాను. మేడ్చల్‌లో సెంటర్ చేరేసరికి గేటు మూసేశారు. బతిమాలాను, ఏడ్చాను. “రూల్ అమ్మా” అన్నారు లోపలి నుంచి. వాళ్ల తప్పేం లేదు. అందుకే ఇంకా ఎక్కువ ఏడుపొచ్చింది.

ఈ ఏడాది అది దాటకపోతే ఇక దాటినా ఒకటే, దాటకున్నా ఒకటే. మా మనోరమ టీచర్ జూన్‌లో రిటైర్ అవుతున్నారు. ఇంటర్ పాసైన ఆయా ఉంటే ఆ కుర్చీ ఆయాకే అని సూపర్‌వైజర్ మేడం చెప్పింది. లేకపోతే బయటి నుంచి ఎవరో వస్తారు. ఇన్నేళ్లు ఆ పిల్లల ముక్కులు తుడిచింది నేను. ఏ పిల్లకు గుడ్డులో పచ్చసొన పడదో, ఏ పిల్లగాడు అమ్మ పోగానే దొంగ ఏడుపు ఏడుస్తాడో తెలిసింది నాకు. ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటే వాళ్లకు మంచినీళ్లు అందించడం నా వల్ల కాదు, ఉన్న మాట చెబుతున్నాను.

మా ఆయన ప్రతాప్ దూలపల్లిలో స్టెబిలైజర్లు తయారుచేసే చిన్న కంపెనీలో పని చేస్తాడు. నేను గేటు దగ్గర నుంచి ఏడ్చుకుంటూ వచ్చిన రోజున గడియారాన్ని గోడ మీద నుంచి దించి, పగవాణ్ని చూసినట్టు చూశాడు. “శోభా, సెకను గూడ తప్పని గడియారం జేసిస్త నీకు” అన్నాడు. నేను పట్టించుకోలేదు. మగవాళ్లు పెళ్లాం ఏడిస్తే ఏదో ఒకటి చేసిస్తామంటారు, తెల్లారితే మర్చిపోతారు.

ఈయన మర్చిపోలేదు.

ఈ ఏడాది ఏప్రిల్‌లో ఒకరోజు పొద్దుగూకే వేళకు తడి బట్టలు పట్టుకుని మిద్దె ఎక్కాను. దండెం లేదు. దండెం తీగ ఇంతెత్తున రెండు వెదురు గడల మధ్య బిగించి ఉంది. దాని కొస ఒక పాత రేడియోలో దూరింది. రేడియో ముందు ప్రతాప్ బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

“నా దండెం ఏదయ్యా?”

“దండెం కాదే గది. ఇప్పుడు ఏరియల్.”

“ఏరియలో ఏనుగో, గీ చీరలన్నీ నీ నెత్తి మీద ఆరెయ్యాల్నా?”

“అరె, ఒక్క నిమిషం లొల్లి బంద్ జెయ్. గిది విను.”

నా చెవిలో ఇయర్‌ఫోన్ కుక్కాడు. మొదట రేకుల మీద వాన పడుతున్న చప్పుడు. తీసేయబోయాను. అప్పుడు ఆ వాన అడుగున, ఎంతో దూరంలో, ఎవరో గోరుతో గోడ మీద కొడుతున్నట్టు, టిక్, టిక్, టిక్.

“ఏందిది?”

“టైం! చైనాల ఒక స్టేషన్ ఉంది. పాటల్లేవ్, వార్తల్లేవ్. రాత్రి పగలు సెకన్లు గొట్టుడే దాని పని.”

“ఎవరి కోసం?”

“వినెటోళ్ల కోసం.”

నాకెందుకో ఒళ్లు ఝల్లుమంది. ఎక్కడి చైనా, ఎక్కడి మా మిద్దె! మధ్యలో ఎన్ని కొండలు, ఎన్ని ఊళ్లు! అవన్నీ దాటి వచ్చి ఆ చప్పుడు మా దండెం మీద వాలింది. వింటూ నిలబడ్డాను. ఉన్నట్టుండి ఒక టిక్కు సాగి ‘టీ…క్’ అని పొడుగ్గా మోగింది.

“గదీ!” ప్రతాప్ తొడ చరిచాడు. “నిమిషం నిండింది! పొడుగుది వచ్చిందంటె కొత్త నిమిషం షురూ.”

తడి బట్టలు బకెట్‌లోనే ఉండిపోయాయి. ఇంకో పొడుగు టిక్కు వచ్చేదాకా ఇద్దరం నోళ్లు మూసుకుని కూర్చున్నాం. అది వచ్చినప్పుడు నేనే ముందు అరిచాను.

ఎండిన మిరపకాయలు ఎత్తడానికి మిద్దె మీదికి వచ్చిన అత్త మమ్మల్ని చూసి నిలబడిపోయింది.

“చైనోళ్ల టైం మనకెందుకురా? వాళ్లకూ మనకూ పడుతలేదని టీవీల రోజూ చెప్తనే ఉన్నరు గదా?”

“టైంకు కొట్లాట ఉంటదా అమ్మా?”

“వాళ్ల పొద్దు, మన పొద్దు ఒక్కటేనా మరి? వాళ్లు తినే యాళ్లకు మనం తినాల్నా?”

“గంట వేరే ఉంటది. సెకను మాత్రం దునియాల అందరికీ ఒక్కటే. గంట ఎంతో మనం పెట్టుకుంటం, సెకను తప్పకుంట వాళ్లు నడిపిస్తరు.”

“ఏమో బిడ్డా. నా గడియారం జోలికి రాకు, గంతే.”

దాని జోలికి పోవడమే ఆయన పథకమని అత్తకూ నాకూ అప్పుడు తెలియదు.

ఆదివారం పొద్దున్నే కోఠి పోయి, గుజరాతీ గల్లీలో ఒక నీలం బోర్డు కొనుక్కొచ్చాడు. అరచేతిలో సగం కూడా లేదు. ఆర్డునో అంటారట. రేడియో చప్పుడును దాంట్లోకి పంపిస్తే, అది టిక్కును గుర్తుపట్టి, టిక్కుకొకసారి ఎర్రలైటు వెలిగించాలి. లైటు సరిగ్గా వెలిగిందంటే ఆ లెక్కతో గోడ గడియారం ముల్లును నడిపించవచ్చు. చెప్పేటప్పుడు ఇంత సులువు. వెలిగించి చూస్తే లైటు పెళ్లి పందిరిలో దీపాల దండలాగా ఎడాపెడా కొట్టుకుంది. పక్కింటివాళ్లు బోరు మోటార్ వేస్తే వెలుగు. మా ఫ్రిజ్ గురగురమంటే వెలుగు. ఎదురింట్లో ఎవరో దోమల బ్యాట్ ఊపితే కూడా వెలుగు! అసలు టిక్కు వచ్చినప్పుడు మాత్రం మహారాణిలాగా ఊరుకునేది.

వారం రోజులు ఆ బోర్డు మీద పడి, పని నుంచి రాగానే చాయ్ కూడా తాగకుండా మిద్దె ఎక్కేవాడు. నేను ఎకనామిక్స్ పుస్తకం పట్టుకుని పక్కనే కూర్చునేదాన్ని. పిల్లలిద్దరూ సెలవులకు మా అమ్మగారింటికి పోయారు కాబట్టి ఇల్లు ప్రశాంతంగా ఉంది, ఈయన తప్ప.

“పరేషాన్ జేస్తాంది శోభా. ఏ సప్పుడు వచ్చినా టిక్కే అనుకుంటాంది పిచ్చిది.”

డిమాండ్ సూత్రం తలకెక్కక నేనూ చిరాకులోనే ఉన్నాను. “మా సెంటర్ల గుడ్లు పంచేటప్పుడు గిట్లనే అయితది. తలుపు బార్లా తెరిస్తే మన పిల్లలు, పక్క వాడ పిల్లలు, మేకలు, కుక్కలు, అన్నీ వస్తయ్. నేనేం జేస్త? మన పిల్లలు వచ్చే యాళ్లకు జరసేపు సగం తలుపు తెరుస్త, మళ్ల మూసేస్త. నీ టిక్కు ఎప్పుడొస్తదో నీకు ఎరుకే గదా?”

“ఎరుకే. సెకనుకొకసారి.”

“మరి గప్పుడే తెరువు. వచ్చిపోంగనే మూసెయ్. తక్కినయి బయట మొత్తుకుంటె మొత్తుకోనీ.”

బోర్డుకు పని నేర్పడానికి కంపెనీ నుంచి తెచ్చుకున్న పాత ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న ప్రతాప్ అన్నానికి పిలిచినా లేవలేదు. కాసేపటికి “శోభా! శోభా!” అని కేక. తేలేమైనా కుట్టిందేమోనని పరుగెత్తాను. ఎర్రలైటు వెలిగి ఆరుతోంది, వెలిగి ఆరుతోంది. ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకున్నాను. టిక్కూ వెలుగూ ఒక్కటే! పక్కింటి మోటార్ గుర్రుమంది. లైటు చలించలేదు. పొడుగు టిక్కు వచ్చింది, పక్కన నిమిషం కోసం పెట్టిన పచ్చలైటు కూడా వెలిగింది.

నేను చప్పట్లు కొట్టాను. నలభై దాటిన దాన్ని, మిద్దె మీద గెంతాను. ప్రతాప్ నా రెండు చేతులూ పట్టుకుని “నీ తలుపే! నీ సగం తలుపే!” అంటూ తిప్పాడు. కింద నుంచి అత్త “ఏందే గా దుంకుడు, మిద్దె కూలుతది!” అని అరిచింది. పెళ్లయ్యాక మేమిద్దరం కలిసి అంతగా నవ్విన సాయంత్రం ఇంకొకటి నాకు గుర్తు లేదు.

అప్పటి నుంచి నా చదువు కూడా దాని పక్కనే. ఒక్కో జవాబు ఎన్ని పొడుగు టిక్కుల్లో ముగించాలో ప్రతాప్ చెప్పేవాడు. పచ్చలైటు చూసుకుంటూ రాసేదాన్ని. మొదట్లో సగంలోనే సమయం అయిపోయేది. మే వచ్చేసరికి ఒక టిక్కు మిగుల్చుకుని పెన్ను పక్కన పెడుతున్నాను. ఎక్కడో చైనాలో కూర్చున్నవాళ్లకు తెలుసా, తమ టిక్కులతో శామీర్‌పేట పక్కన ఒక ఆయా డిమాండ్ సూత్రం రాస్తోందని!

ఇక గడియారం సంగతి. అత్త గుడికి పోయిన పూట చూసి దాన్ని దించి, వెనక సెల్లు ఉండేచోట బోర్డు తీగలు కలిపాడు. పగలు టిక్కు సరిగా అందకపోయినా బోర్డు తన లెక్క తాను నడుపుకుంటుంది, సాయంత్రం టిక్కు వినగానే తేడా సర్దుకుంటుంది. పైకి చూస్తే అదే గడియారం, అదే పగిలిన అంచు. టైం మాత్రం సరిగ్గా పెట్టాడు. పది నిమిషాలు ముందు కాదు, సెకనుకు సెకను సరిగ్గా.

అత్త తెల్లారి లేచి తన ఫోన్‌తో పోల్చి చూసింది. పీట వేసుకుని ఎక్కి, గడియారం దించి, వెనక చక్రం తిప్పి పది నిమిషాలు ముందుకు జరిపింది. సాయంత్రం ప్రతాప్ వచ్చి వెనక్కి తిప్పాడు. తెల్లారి మళ్లీ పీట.

“అమ్మా, దానికి ముల్లు ఏడుందో తెల్వదే. ఎంత నడువాల్నో గదే తెలుసు. నువ్వు ఏడికి జరిపితె ఆడికెళ్లి నడుస్తది. గిట్ల రోజూ అబద్ధం పెడితె ఇగ చైనా టిక్కు ఎందుకు నాకు?”

“అబద్ధమా? గా అబద్ధంతోనే మీ నాయిన రిటైరయ్యేదాంక ఒక్క నాడు గేటు బయట నిలబడలే. నీ నిజం నువ్వే ఉంచుకో.”

మూడు వారాలు ఇదే భాగోతం. ప్రతాప్ సెకను కోసం ప్రాణమిచ్చే రకం. గడియారం సరిచేసేటప్పుడు పొడుగు టిక్కు కోసం కళ్లు మూసుకుని వేచి ఉండేవాడు, పూజలో కూర్చున్నట్టు. అత్త పది నిమిషాల కోసం ప్రాణమిచ్చే రకం. ఇద్దరి మధ్య నా ప్రాణం పోతోంది. తల ఎత్తి చూసినప్పుడల్లా, ఇది తల్లి టైమా, కొడుకు టైమా? పది తియ్యాలా, వద్దా?

పరీక్ష ముందు రోజు అన్నాల దగ్గర పేలాను.

“ఇనుండ్రి ఇద్దరూ! పోయినేడు లెక్క తప్పి గేటు బయట ఏడ్చిన. రేపు నేను తీసుడు లేదు, కలుపుడు లేదు. తొమ్మిదింటికి గేటు మూస్తరు, గోడ మీద ఏడుమ్ముప్పావు అయిందంటె ఇల్లు దాటుత. మీ ఇద్దరు ఏం జేసుకుంటరో జేసుకోండ్రి. రేపు గినక గేటు మూసిండ్రనుకో, గా గడియారాన్ని చెరువుల పారేస్త. దాంతోని మిమ్మల్ని గూడ!”

ప్రతాప్ పళ్లెంలోకి చూస్తూ “సరే” అన్నాడు. అత్త కూడా “సరే తియ్” అంది. ఇద్దరూ అంత తొందరగా ఒప్పుకున్నది నేను ఎప్పుడూ చూడలేదు. అలసిపోయి నిద్రపోయాను.

తెల్లారి ప్రతాప్ మొదటి షిఫ్టుకు పోయాడు. నేను గోడ మీద ఏడుమ్ముప్పావు కాగానే, హాల్ టికెట్ సంచిలో పెట్టుకుని, సెంటర్‌లోకి ఎలాగూ రానివ్వరని ఫోన్ ఇంట్లోనే వదిలి బయల్దేరాను. ఆటో వెంటనే దొరికింది. మేడ్చల్ రోడ్డులో సగం దూరం హాయిగా వచ్చాం. అక్కడ కొత్త వెంచర్‌కు కంకర తోలే టిప్పర్ ఒకటి మలుపులో అడ్డంగా పడి ఉంది. రోడ్డంతా కంకర. ఇటు బస్సులు, అటు తుర్కపల్లి పోయే కంపెనీ క్యాబులు, హారన్లే హారన్లు. ఆటో ఇంజన్ ఆపేశాడు. “జేసీబీ రావాలె అక్కా” అన్నాడు.

దిగాను. ముందుకు నడిచాను, వెనక్కి వచ్చాను, మళ్లీ ముందుకు. పోయినేడు గేటు కళ్ల ముందు కనిపించింది. ఏదైనా బండి చేలోంచి పోతుందేమోనని చూస్తుంటే, మా ఊరి గండయ్య, శామీర్‌పేట చెరువులో చేపలు పట్టే మనిషి, వెనక చేపల ట్రేలు కట్టుకుని మోపెడ్ మీద గట్టు ఎక్కుతూ కనిపించాడు.

“గండయ్య మామా! ఆగే! పరీక్ష ఉంది నాకు!”

“ఏడ కూసుంటవ్ బిడ్డా, అన్నీ చేపలే గదా?”

“చేపల మీదనే కూసుంట! టైమెంతయింది మామా?”

జేబులోంచి ఫోన్ తీసి చూశాడు. “ఎనిమిదిన్నర అయితాంది.”

గోడ మీది ఏడుమ్ముప్పావు నుంచి లెక్కేస్తే అప్పటికి ఇంకా చాలా ఎక్కువే అయి ఉండాలి. కానీ ఆ గాబరాలో లెక్క ఎవరికి కావాలి? ట్రే మీద ఎక్కి కూర్చున్నాను. చేలోంచి, గట్ల మీదుగా, ఏదో ప్లాట్ల హద్దురాళ్ల మధ్యలోంచి గండయ్య బండి ఉరికించాడు. మంచు నీళ్లు కారి చీర తడిసింది. ఒక చేప ఎగిరి ఒళ్లో పడింది. దాన్ని ట్రేలోకి విసిరి “జల్దీ మామా జల్దీ!” అని అరుస్తూనే ఉన్నాను. మేడ్చల్ ఊళ్లోకి వచ్చాక ట్రాఫిక్ సిగ్నల్, మళ్లీ బస్సులు, మళ్లీ ఆగుడు. చివరి సందు దగ్గర దూకి పరుగెత్తాను.

వాచ్‌మన్ గేటు ఒక రెక్క మూసేశాడు. రెండో రెక్క సగం దాకా తోశాడు. ఆ సగం తలుపులోంచి పక్కకు తిరిగి దూరాను. నా వెనక గొళ్లెం పడింది. అది నాకు పొడుగు టిక్కులాగే వినిపించింది.

పేపర్‌లో డిమాండ్ సూత్రం వచ్చింది. రాశాను. అన్నీ రాశాను. పక్క బల్ల అమ్మాయి మాటిమాటికీ ముక్కు మూసుకుంది, నా చేపల కంపుకు. చెవుల్లో టిక్కులు మోగుతూనే ఉన్నాయి, పెన్ను వాటి వెంట నడిచింది. గంట కొట్టడానికి ఇంకా రెండు పొడుగు టిక్కుల సమయం ఉండగానే పెన్ను పక్కన పెట్టాను.

మధ్యాహ్నం గడప తొక్కుతూనే “రాసిన! మొత్తం రాసిన!” అని కేక పెట్టాను. ప్రతాప్ సగం పూట సెలవు పెట్టి వచ్చి గుమ్మంలోనే కాచుకుని ఉన్నాడు. అత్త వచ్చి చెంపలు నిమిరి, మళ్లీ వెనక్కి జరిగి “గీ నీసు వాసనేందే నీ మీద?” అంది. టిప్పర్ సంగతి, గండయ్య సంగతి, ఒళ్లో పడిన చేప సంగతి, గేటు రెక్క సంగతి, ఊపిరి తీసుకోకుండా చెప్పాను. “ఇంకొక్క నిమిషం లేటైతే అయిపోయేదాన్ని” అంటూ నీళ్ల చెంబు ఎత్తాను. చెంబుతో పాటు తల పైకెత్తాను. గోడ మీద ఒంటిగంటన్నర కావస్తోంది. చార్జింగ్‌లో ఉన్న నా ఫోన్ చూశాను. ఒంటిగంట దాటి అయిదు నిమిషాలైనా కాలేదు.

“ఏందయ్యా, సెకను తప్పదంటివి? నీ గడియారం ఇరవై నిమిషాలు ముందు ఉరుకుతాంది!”

“ఇరవయ్యా?” ప్రతాప్ ఉలిక్కిపడ్డాడు. “పది గదా ఉండాలె!”

“పది ఎందుకుండాలె?”

పొయ్యి దగ్గర నుంచి అత్త గొంతు వినిపించింది. “పదే. నేను పదే జరిపిన. తెల్లారంగనే, శోభ లేవకముందు, ఫోన్ సూడకుంటనే. నువ్వెప్పుడు ముట్టుకున్నవ్‌రా దాన్ని?”

ప్రతాప్ మెడ గోక్కున్నాడు. “రాత్రి. సాయంత్రం సరిజేసినదాన్నే, మీరు పండుకున్నంక పది జరిపిన.”

“మూడు వారాల కెళ్లి నన్ను అబద్ధాలకోరు అంటివి గదరా!”

“గేటు మళ్ల మూస్తె ఎట్ల అని…” అన్నాడు. వాకిట్లోకి పోయి బండి తుడుస్తున్నట్టు నటించాడు.

నేను చెంబు పట్టుకుని అక్కడే నిలబడ్డాను. సెకను కోసం కన్నతల్లితో కొట్లాడిన మనిషి. నా కోసం చీకట్లో లేచి, తన చేతులతో తానే పది నిమిషాల అబద్ధం పెట్టాడు. కొడుకు ఏం చేశాడో తెలియక తల్లి ఇంకో పది పెట్టింది. ఆ ఇరవై నిమిషాలూ టిప్పర్ కింద పోయాయి, నేను గేటు లోపల పడ్డాను. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. అత్తను గట్టిగా పట్టుకున్నాను. “ఛీ, నీసు, నీసు!” అంటూనే ఆమె నన్ను వదల్లేదు.

జూన్‌లో ఫలితాలు వచ్చాయి. మనోరమ టీచర్ తన కుర్చీని తన కొంగుతోనే తుడిచి నన్ను కూర్చోబెట్టారు. పిల్లలు ఇప్పటికీ నన్ను ఆయా అనే పిలుస్తున్నారు, పిలవనీ.

గడియారాన్ని ఆ రోజు నుంచి ఎవరూ ముట్టుకోలేదు. ప్రతాప్ చెయ్యి వేయబోతే అత్త పీట ఎత్తుతుంది, అత్త పీట వేయబోతే నేను కళ్లెర్రజేస్తాను. ఇంట్లో లెక్క ఒక్కటే మారింది, పది బదులు ఇరవై తీసెయ్యాలి. చుట్టాలు ఇంకా పెద్దగా కంగారుపడుతున్నారు. పొద్దుగూకితే మిద్దె మీద తీగ చైనా టిక్కు అందుకుంటుంది, బోర్డు ముల్లు నడకను సరిచేస్తుంది.

మా ఇల్లు లోకానికి ఇరవై నిమిషాలు ముందు నడుస్తోంది. ఒక్క సెకను అటూ ఇటూ కాదు.